నలభై నోళ్ల సాక్ష్యం

పదకొండు గంటలకి మదామ్ విగ్దాన్‌ని పోలీసు స్టేషన్‌లో నా గదిలోకి తీసుకొచ్చారు. నాలుగింటికి ఆమెను ప్రాసిక్యూటర్ ముందు నిలబెట్టాలి. ఆయన సంతకం పడితే హత్యానేరం నమోదవుతుంది, రాత్రికి ఆమె కైరో జైల్లో ఉంటుంది. ఈ దేశంలో ఆ నేరానికి శిక్ష ఉరి. నా చేతిలో ఉన్నది ఐదు గంటలు. రెండు నమాజులు తీసేస్తే ఇంకా తక్కువ.

జరిగింది ఇది. నిన్న రంజాన్ పదహారో రోజు. సూర్యుడు మునిగే వేళ, మా అలెక్సాండ్రియాలోని బుర్జ్ మల్లాహ్ కోటలోని దీపాల మ్యూజియం పై అంతస్తులో బుత్రుస్ అయ్యాద్ అనే మనిషి చనిపోయాడు. పాత గాజు సామాను అతికించి బాగుచేయడం అతని పని. తల వెనక ఇనుప వస్తువేదో బలంగా తగిలింది. ముందుకి తూలి అద్దాల పెట్టె మీద పడ్డాడు. పెట్టెతోపాటు అందులోని ఏడువందల ఏళ్ల మసీదు దీపం కూడా ముక్కలైంది.

పెట్టె తాళానికి వేసిన సీసపు సీలు అంతకుముందే కత్తిరించి ఉంది. కత్తిరించిన పటకారు శవం పక్కనే దొరికింది. అది విగ్దాన్‌ది. మా మ్యూజియాల్లో ప్రతి వస్తువుకీ ఒక మనిషి పూచీ ఉంటుంది. ఆ మనిషి చేతి పటకారుతో తప్ప సీలు తెగకూడదు, అదీ ఇద్దరు సాక్షుల ముందు. ఆ దీపానికి పద్నాలుగేళ్లుగా పూచీ ఆమెదే.

ఆమెకు నలభై ఆరేళ్లు, భర్త లేడు. రాత్రంతా నిద్రలేక కళ్లు వాచాయి, మాట మాత్రం తొణకలేదు. కూర్చోమన్నాను. మంచినీళ్లు ఇవ్వబోయి, ఇద్దరం ఉపవాసంలో ఉన్నామని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

పటకారు సంగతి అడిగాను. సొరుగులో పెడతాననీ, సొరుగు తాళంచెవి పటం వెనక మేకుకి వేలాడుతుందనీ, ఆ సంగతి ఆఫీసు ఊడ్చే మనిషికి కూడా తెలుసనీ చెప్పింది. మూడు తర్వాత తను మెట్లెక్కలేదంది. ఆమె గది కోట గేటు పక్కనే ఉంది. పెరట్లో రంజాన్ ఉత్సవం స్పీకర్లు మధ్యాహ్నం నుంచీ హోరెత్తుతుంటే తలనొప్పి భరించలేక చెవుల్లో దూది పెట్టుకుని రిజిస్టర్లు రాసుకుందట. ఇంట్లో కూతురితో కలిసి ఉపవాసం విడుద్దామని అజాన్‌కి ముందే బయల్దేరిందట.

"అజాన్‌కి ముందేనా?" అని మళ్లీ అడిగాను.

"ముందే, బాషా," అంది. పోలీసు అధికారిని మా ఊళ్లో పిలిచే తీరు అది. "బేకరీ దాటుతుంటే మసీదులో అజాన్ మొదలైంది. ఎవరో నా చేతిలో ఖర్జూరం పెట్టారు. ముఖం చూడలేదు. రోడ్డు మీద ఖర్జూరం పెట్టేవాళ్ల ముఖం ఎవరు చూస్తారు?"

చిక్కంతా అక్కడే ఉంది. గేటు కెమెరాలో ఆమె బయటికి వెళ్లింది 6:07కి, చేతిలో గుడ్డ సంచితో. సంచిలో ఉన్నది కునాఫా మిఠాయి అని ఆమె అంటోంది. హత్యకి వాడిన ఇనుప వస్తువు అందులోనే పోయిందని కైరో నుంచి వచ్చిన అధికారి అంటున్నాడు. మెట్ల కాపలాదారు హజ్ అతియ్యా రాత్రి ఇచ్చిన వాంగ్మూలంలో పైన గాజు పగిలిన చప్పుడు అజాన్ మొదలవగానే వినిపించిందని ఉంది. పెరట్లో ఇఫ్తార్ బల్ల దగ్గర కూర్చున్న నలభై మందీ ఆమె వెళ్లక ముందే అజాన్ అయిందంటున్నారు. అంటే గాజు పగిలినప్పుడు ఆమె ఇంకా లోపలే ఉంది. నలభై నోళ్లు ఒకటి చెబుతున్నాయి, ఒక నోరు ఇంకోటి చెబుతోంది.

బుత్రుస్ ఆఖరిసారి ఏం మాట్లాడాడని అడిగాను. అయిదున్నరకి గది గుమ్మంలో నిలబడి, ఆ పెట్టె తెరిచి ఎన్నాళ్లయిందని అడిగాడట. మూడేళ్లంది ఆమె. పండగ కాగానే కమిటీని పిలిచి తెరుద్దాం అన్నాడట. ఎందుకని అడిగితే, "నా చేతి పని నాకే కనపడటం లేదమ్మా" అని నవ్వి వెళ్లిపోయాడట.

"పన్నెండేళ్ల కింద ఆ దీపం అడుగున చిన్న బీట పడితే ఆయనే అతికించారు. వెలుతురుకి పెడితే తేనె రంగు గీతలా కనబడుతుంది. ఒక్కసారి ఆ అడుగు ముక్క నాకు చూపించండి, బాషా. నేను అడిగేది అదొక్కటే."

తన ప్రాణం గురించి అడగాల్సిన మనిషి గాజు ముక్క గురించి అడిగింది. చూపిస్తానని మాటివ్వలేదు. చూస్తానని మాత్రం అన్నాను.

*

కైరో అధికారి పేరు నదీమ్ జుహ్నీ. నాకన్నా పన్నెండేళ్లు చిన్న, ఒక హోదా పెద్ద. పురాతన వస్తువు పగిలిందని తెల్లారేసరికి కారులో దిగాడు. దిగిన గంటలో నివేదిక రాసేశాడు.

మధ్యాహ్నపు జుహర్ నమాజు చేసుకుని ఆ నివేదిక తీశాను. మూడో పేజీలో "అజాన్ 6:04కి" అని ఉంది. దాని దగ్గర నా వేలు ఆగిపోయింది. నిన్న మా ఇంట్లో నా భార్య సనియ్యా పులుసు గిన్నె మీద మూత తీసింది 6:09కి. వంటింటి గోడ మీది రంజాన్ కాగితంలో అలెక్సాండ్రియా వరసలో ఉన్నదీ 6:09. 6:04 కైరోది. సూర్యుడు వాళ్లకి ఐదు నిమిషాలు ముందు మునుగుతాడు. రేడియోలో కైరో అజాన్ వినగానే నోట్లో ఏదన్నా వేసుకోబోతే మా అమ్మ చేతి మీద కొట్టేది. ఈ ఊళ్లో పుట్టినవాళ్లు ఎవరినడిగినా ఇదే చెబుతారు.

ఇక కేసు తేలిపోయిందనుకున్నాను. అజాన్ 6:09కి అయితే ఆమె 6:07కే వెళ్లిపోయింది. నివేదిక పట్టుకుని అతని గదికి వెళ్లి, సూర్యుడు కూడా మీ కార్యాలయం నుంచే బయల్దేరతాడనుకున్నారా అని అడిగాను.

జుహ్నీ చిరాకు పడలేదు. అదే నన్ను కంగారు పెట్టింది. "కూర్చోండి, రాగిబ్ బే," అన్నాడు, గౌరవానికి తగిలించే ఆ 'బే' మరవకుండా. "కైరోవాళ్లం సూర్యుణ్ని చూసి బతకం, నిజమే. కెమెరా చూసి బతుకుతాం," అని తెర నావైపు తిప్పాడు.

గేటు కెమెరాకి శబ్దం లేదు. దారి చివర పెరట్లో బల్ల కొస కనబడుతోంది. ఏడెనిమిది మంది కూర్చుని ఉన్నారు, ముందున్న పళ్లాలు ముట్టుకోకుండా. 6:04 దాటి పది సెకన్లకి చేతులన్నీ ఒక్కసారి కదిలాయి. ఖర్జూరాల పళ్లెం చేతులు మారింది. మ్యూజియం డైరెక్టర్ డాక్టర్ లబీబ్ స్వయంగా నిలబడి పంచుతున్నాడు. 6:07కి విగ్దాన్ సంచితో గేటు దాటింది, అటు తల తిప్పకుండా.

"కాగితం మీద ఏముంటే నాకేం. అక్కడ అజాన్ 6:04కి వినబడింది. లేకపోతే రోజా ఉపవాసంలో ఉన్నవాళ్లు నలభై మంది తింటారా? మీరు నమాజు చేసేవారు కదా, మీరే చెప్పండి."

నివేదిక మడిచి లేచాను. తలుపు దగ్గర ఉండగా, "చేపలు బాగుంటాయట మీ ఊళ్లో. నాలుగు తర్వాత ఖాళీయేగా, ఇఫ్తార్‌కి మంచి చోటు ఏదైనా చెప్పండి," అన్నాడు.

*

ఒంటిగంటన్నరకి కోటకి వెళ్లాను. గేటుకి సీలు వేసి ఉంది, పక్కన కుర్చీలో మా కానిస్టేబుల్ ఉన్నాడు. ఉత్సవం ఆపేశారు. పెరట్లో వేదిక సగం విప్పి ఉంది. దాని ఇనుప కడ్డీలు గోడకి ఆనించి వరసగా పెట్టి ఉన్నాయి. అన్నీ చూశాం, రక్తం లేదని జుహ్నీ మనుషులు రాశారు. కడ్డీల పక్కనే వజూకి, అంటే నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి వాడే కొళాయి ఉందన్న సంగతి ఆ కాగితంలో లేదు.

డాక్టర్ లబీబ్ నాతో పైకి వచ్చాడు. యాభై దాటిన మనిషి, మర్యాదస్తుడు. మెట్ల మీద ఆగి కళ్లు తుడుచుకున్నాడు. ఈ ఊళ్లోనే, అన్‌ఫూషీ పేటలో పుట్టాననీ, ఈ కోట గోడ కిందే వాళ్ల నాన్న వలలు ఆరబెట్టేవాడనీ, పదహారేళ్లుగా బుత్రుస్ తనకి తమ్ముడిలాంటివాడనీ చెప్పాడు.

బుత్రుస్‌కి ఒక అలవాటు ఉండేది. రంజాన్ నెలంతా పొద్దుగుంకే మగ్రిబ్ వేళ కాపలావాళ్లని తినడానికి పంపి, తను పైన గది తలుపు దగ్గర కుర్చీ వేసుకునేవాడు. "మీ దేవుడి పని మీరు చూసుకోండి, మీ తలుపు నేను చూస్తా" అనేవాడట. ఆ కుర్చీ అక్కడే ఉంది. కింద కాగితంలో చుట్టిన బీన్స్ రొట్టె, విప్పకుండా. అతను కాప్టిక్ క్రైస్తవుడు, వాళ్ల పెద్ద ఉపవాసాలు కూడా ఈ నెలలోనే వచ్చాయి. పాలు, నెయ్యి, మాంసం ముట్టేవాడు కాదు. మావాళ్లు తిన్నాక తిందామని ఉంచుకున్నాడు.

నేల మీద గాజు ముక్కలకి సుద్దతో గీతలు గీశారు. మోకాళ్ల మీద కూర్చుని వెతికాను. అడుగు భాగం ఒకే ముక్కగా పెట్టె కింద దొరికింది, నా అరచేతంత ఉంది. కిటికీ దగ్గర వెలుతురుకి పెట్టి చుట్టూ తిప్పాను. తేనె రంగు గీత లేదు. బీట లేదు, అతుకూ లేదు. నీళ్లలా తేటగా ఉంది.

"దీని అడుగున ఒక అతుకు ఉండాలట కదా, డాక్టర్?"

లబీబ్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. తనకి అంత లోతుగా తెలియదన్నాడు. ఎవరు చెప్పారని అడిగాడు.

"విగ్దాన్. చూస్తే క్షణంలో గుర్తుపడతానంది."

"అవును, ఆమెకే తెలియాలి," అన్నాడు మెల్లగా. "బుత్రుస్ పోయాక ఇక ఆమెకే."

ముక్కని గుడ్డలో చుట్టి యథాస్థానంలో పెట్టాను. అడుగున అతుకు లేదు, పగిలింది నకలు కావచ్చు, పూచీదారుతో గుర్తుపట్టించాలి అని నా నోటులో రాశాను. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే. అసలు దీపం ఎప్పుడో పోయింది, అది బుత్రుస్ కనిపెట్టాడు, పండగ తర్వాత కమిటీ రాకుండా ఎవరో అటు మనిషినీ ఇటు నకలునీ ఒకే దెబ్బతో పగలగొట్టారు. ఆ ఎవరో విగ్దాన్ కాదని రుజువు మాత్రం నా దగ్గర లేదు. అసలు తీసి నకలు పెట్టడం పూచీదారుకే సులువని జుహ్నీ అంటాడు.

*

హజ్ అతియ్యా గేటు గదిలో తస్బీహ్ జపమాల తిప్పుతూ కూర్చున్నాడు. అరవై మూడేళ్లు. రెండుసార్లు హజ్ చేసిన మనిషి. నిన్నటి బల్ల దగ్గర అందరికన్నా ముందు బిస్మిల్లా అన్నది ఆయనే. పెద్దవాడు మొదలుపెడితేనే మిగతావాళ్లు చెయ్యి పెడతారు.

రాత్రి చెప్పిందే మళ్లీ చెప్పాడు. అజాన్ అయింది, పైన గాజు పగిలింది. స్పీకర్ల దగ్గర కూర్చున్నవాళ్లకి వినబడలేదు, తను మెట్ల వైపు కొసన ఉన్నాడు కాబట్టి వినబడింది. అందరినీ కేకేసింది మాత్రం 6:20కి. మధ్యలో ఆలస్యం ఎందుకని అడిగాను. వేదిక దీపమేదో పడిందనుకున్నాడట.

ఊరికే అడిగినట్టు అడిగాను, చప్పుడు విన్నప్పుడు ఏం చేశారని.

"ఏం చేస్తాను బాషా, నోట్లో ఉన్న కోడి ముక్క ఊసేసి లేచాను."

నేను రాయడం ఆపాను. ఆయన తస్బీహ్ కూడా ఆగింది.

"హజ్, అజాన్ మొదలవగానే చప్పుడు వినబడిందన్నారు."

"అవును."

"అజాన్ మొదలవగానే మీ నోట్లో కోడి ముక్క ఉందా? ఖర్జూరం ఎప్పుడు తిన్నారు? నీళ్లు ఎప్పుడు తాగారు? పులుసు ఎప్పుడు తాగారు?"

నేను గొంతు పెంచలేదు. నాలుగింటికి విగ్దాన్‌ని ఎక్కడికి తీసుకెళతారో, ఎందుకు తీసుకెళతారో చెప్పాను. ఆమెకి పదిహేనేళ్ల కూతురు ఉందనీ, రాత్రి నుంచీ ఆ పిల్ల మా స్టేషన్ బెంచీ మీదే కూర్చుందనీ చెప్పాను. ఆమె ప్రాణం మీ నోటి మాట మీద ఉందన్నాను.

"రెండు అజాన్లు, బాషా," అన్నాడు.

గోడ వైపు తిరిగి చెప్పాడు, నా మొహం చూడలేక. మొదటిది పెరట్లో స్పీకర్లలో వచ్చింది. అందరూ తన వైపు చూశారు. డాక్టర్ గారు ఖర్జూరం చేతిలో పెట్టారు. ఆకలి, పైగా నలభై మంది కళ్లు. ఆకాశం చూడకుండా బిస్మిల్లా అనేశాడు. తింటున్నారు, తింటున్నారు. పులుసు అయింది, కోడి వచ్చింది. అప్పుడు గోడ అవతల మసీదులో మౌజన్ గొంతు లేచింది. నలభై ఏళ్లుగా వింటున్న గొంతు. స్పీకర్ల హోరులో ఎవరికీ పట్టలేదు, తనకి పట్టింది. అసలు వేళ ఇప్పుడైంది. తను ఇంతసేపూ పగటి పూట తింటున్నాడు, నలభై మందితో తినిపించాడు. సరిగ్గా ఆ క్షణంలో పైన గాజు పగిలింది.

"చప్పుడు విన్నాను బాషా, అబద్ధం చెప్పను. కానీ నా మనసు అక్కడ లేదు. కొళాయి దగ్గరికి పోయి నోట్లో వేలు పెట్టి కక్కుకున్నాను. నోరు కడుక్కున్నాను. ఏడ్చాను. ఆ తర్వాత మెట్లెక్కాను."

పోస్ట్‌మార్టం రిపోర్టు నా జేబులోనే ఉంది. దెబ్బ తగిలాక బుత్రుస్ పది నిమిషాలో పావుగంటో బతికే ఉన్నాడని అందులో ఉంది. ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఆయనకి అప్పటికే తెలిసినట్టుంది.

"ఆ కైరో బే అజాన్ అయ్యాకేనా అని అడిగాడు, అవునన్నాను. ఏ అజాన్ అని అడగలేదు. అడిగినా చెప్పేవాణ్ని కాదేమో. నా రోజా పోయింది, నా తలుపు కాసిన మనిషీ పోయాడు. దేవుడు నన్ను ముందు దేని గురించి అడుగుతాడు, బాషా?"

నేను పండితుణ్ని కాను. పొరపాటున విడిచిన రోజా పండగ తర్వాత ఇంకో రోజు ఉండి తీర్చుకోవచ్చని తెలుసు. రెండోదానికి అలాంటి వెసులుబాటు ఏదైనా ఉందో లేదో తెలియదు. కాగితం ముందు పెట్టాను. తస్బీహ్ పక్కన పెట్టి సంతకం పెట్టాడు.

*

ప్రాసిక్యూటర్ ఆ వాంగ్మూలాన్ని రెండుసార్లు చదివాడు. చప్పుడు మసీదు అజాన్‌తో వచ్చింది, అంటే 6:09. విగ్దాన్ గేటు దాటింది 6:07కి. మసీదుకి ఫోన్ చేసి మౌజన్‌ని అడిగాడు, కెమెరా గడియారం సరిచూపించాడు. ఐదుకి పది నిమిషాలు ఉండగా ఆమెను ఉద్యోగం పూచీ మీద విడిచిపెట్టమని రాశాడు. అంటే పిలిచినప్పుడు హాజరుపరుస్తానని ఆమె పైఅధికారి సంతకం పెట్టాలి. డాక్టర్ లబీబ్ వరండాలోనే ఉన్నాడు. మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. కూతురు తల్లిని పట్టుకుని వదల్లేదు. విగ్దాన్ నా దగ్గరికొచ్చి, అడుగు ముక్క చూశారా అని మాత్రం అడిగింది. చూశాను, అతుకు కనబడలేదన్నాను. ఆమె ముఖం పాలిపోయింది.

జుహ్నీ ఓటమిని బాగానే మింగాడు. మెట్లు దిగుతూ నా భుజం మీద చెయ్యి వేశాడు. "ముసలాయన చేత నిజం కక్కించారు, ఒప్పుకుంటాను. కానీ ఒక్క సంగతి అడగడం మరిచిపోయారు, రాగిబ్ బే. అలెక్సాండ్రియా పెరట్లో కైరో అజాన్ ఎవరు పెట్టారు?"

ఉత్సవం స్పీకర్లు నడిపే మనిషి కైరోవాడు, వాడి పొరపాటు అన్నాను. అడిగారా అన్నాడు. అడగలేదు.

స్పీకర్ల మనిషి పేరు వాయిల్. ముప్ఫై ఏళ్లుంటాయి. ట్రామ్ డిపో వెనక అద్దె గదిలో వైర్లు చుట్టుకుంటున్నాడు. అయిదు ఇరవైకి వెళ్లాను. నన్ను చూడగానే తన తప్పేమీ లేదన్నాడు. తప్పు గురించి కాదు, రేడియో స్టేషన్ గురించి వచ్చానన్నాను.

రంజాన్ మొదటి రోజు నుంచీ అలెక్సాండ్రియా రేడియోయే పెట్టేవాడట. పదిహేను రోజులు ఒక్క నిమిషం తేడా రాలేదట. నిన్న అయిదు ముప్పావుకి ఒకరు వచ్చి, ఈ స్టేషన్ గరగరమంటోంది, కైరో స్టేషన్ పెట్టు అన్నారట.

"నాకేం గరగర వినబడలేదు, బాషా. అదే అన్నాను. 'మీ ఊరి అజాన్ విని చాన్నాళ్లయింది కదా, ఇవాళ విను' అని నవ్వారు. పెద్దాయన చెప్పారు కదా అని పెట్టాను. నేనూ రోజాలోనే ఉన్నాను. నేనూ తిన్నాను. మా ఊళ్లో అదే వేళ కదా, నాకు తేడా ఎలా తెలుస్తుంది?"

"ఎవరా పెద్దాయన?"

"డైరెక్టర్ గారు. డాక్టర్ లబీబ్."

కైరోవాడు చేస్తే అది పొరపాటు. అన్‌ఫూషీలో పుట్టి, వల పట్టే తండ్రి ఇంట్లో రోజాలు ఉండి పెరిగినవాడు పొరపాటున చేయడు. ఐదు నిమిషాలు కావాలి అతనికి. విగ్దాన్ ఇంకా కోటలోనే ఉండగా కాపలావాళ్లు పళ్లాల మీద వంగి ఉండే ఐదు నిమిషాలు, తను ఖర్జూరాలు పంచుతుండగా నలభై మంది చూసి, ఆ తర్వాత ఎవరూ తలెత్తి చూడని ఐదు నిమిషాలు. వాటికోసం నలభై మంది చేత వేళ కాకుండానే రోజా విడిపించాడు. మనిషిని చంపడం నేను ఇరవై ఆరేళ్లుగా చూస్తున్నాను. ఇలాంటిది చూడలేదు. ఇది ఏ సెక్షన్ కిందికి వస్తుందో మా చట్టంలో లేదు.

అప్పుడు రెండో సంగతి తట్టింది. అసలుకీ నకలుకీ తేడా చెప్పగలిగిన మనిషి ఇక ఈ ఊళ్లో ఒక్కతే ఉంది. ఆ మాట లబీబ్‌కి చెప్పింది నేనే.

విగ్దాన్ ఇంటికి ఫోన్ చేశాను. కూతురు తీసింది. అమ్మ ఇంకా రాలేదనీ, తనని ఇంటి దగ్గర దించి డాక్టర్ గారు అమ్మని తీసుకెళ్లారనీ చెప్పింది. జుహ్నీకి చేసి, వాళ్లిద్దరూ ఎక్కడికెళ్లారని అడిగాను. అతని వెనక పళ్లాల చప్పుడు వినబడుతోంది.

"కోటకి. పూచీదారుతో గుర్తుపట్టించాలని మీ నోటులోనే రాశారుగా. సీలు విప్పడానికి నేనే సంతకం పెట్టాను. డాక్టర్ లబీబ్ పండగ దాకా ఎందుకు, ఇవాళే తేల్చేద్దాం అన్నాడు." నా ఊపిరి విని ఆగాడు. "ఏమైంది?"

రెండు ముక్కల్లో చెప్పాను. కుర్చీ వెనక్కి తోసిన చప్పుడైంది. నేను అవతలి వైపు నుంచి వస్తాను, మీరు బయల్దేరండి అన్నాడు.

కోట గేటు దగ్గరి కానిస్టేబుల్‌కి చేశాను. వాడు ట్రామ్‌లో ఉన్నాడు. "డాక్టర్ గారు ఇఫ్తార్‌కి ఇంటికెళ్లమన్నారు, బాషా. తను ఉంటానన్నారు. పుణ్యం కదా అని..."

జీపు ఎక్కి బయల్దేరాను. టైము 5:41. ఊరంతా ఇళ్లకి పరిగెడుతోంది, ప్రతి కూడలీ ఇరుక్కుని ఉంది. ఇంకో ఇరవై నిమిషాలకి రోడ్డు మీద మనిషి ఉండడు. హారన్ మీద చెయ్యి ఆనించి, విగ్దాన్ నంబరు నొక్కాను. నాలుగు రింగుల తర్వాత తీసింది. గొంతు రాతి గోడలకి తగిలి మోగుతోంది.

"బాషా, మీరే చేశారా, మంచిదైంది. గాజు కొత్తది. ఇది మన దీపం కాదు. డాక్టర్ గారికి ఇప్పుడే చెప్పాను."

"ఆయన ఎక్కడున్నారు?"

"ఇక్కడే. కిటికీలు మూస్తున్నారు."

"మదామ్, ఇక నన్ను బాషా అని పిలవకండి. ఇంటి నుంచి ఫోన్ అని చెప్పండి. ముక్క అక్కడే పెట్టేసి, మాట్లాడుతూ మెట్లు దిగండి. పరిగెత్తకండి. గేటు తీసే ఉందా?"

కూడలిలో పోలీసు దారి ఇచ్చాడు, జీపు ముందుకి దూకింది.

"సరే అమ్మా, వచ్చేస్తున్నా," అంది విగ్దాన్ ఫోన్‌లో, మామూలు గొంతుతో. "పులుసు దించెయ్. ఇదిగో, మెట్లు దిగుతున్నా."

ఆమె చెప్పులు రాతి మెట్ల మీద ఒక్కొక్కటిగా పడటం విన్నాను. మెత్తని చెప్పులు, తొందర లేకుండా. నాలుగు మెట్లు, అయిదు. ఆ తర్వాత పైనుంచి ఇంకో జత అడుగులు వినబడ్డాయి. తోలు బూట్లవి. ఆమెకన్నా వేగంగా దిగుతున్నాయి.